ముక్కాయనను లేపేదెవరు

ఆ ఇంట్లో తమ్ముడికి ఉన్న పిచ్చి ఒక్కటే. దేనికైనా సరే ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి, అది తనంతట తాను లేస్తుందో లేదో చూడాలి. ఫ్రిజ్జయినా, ఫ్యానయినా, ఆఖరికి పక్కింటివాళ్ళ మిక్సీ అయినా! పీకుతాడు, పెడతాడు, రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడతాడు. ఎవరైనా సాయానికి చెయ్యి చాచితే, "ముట్టుకోకు. నేను లేననుకో," అంటాడు. వీధి వీధంతా ఆయనకు ప్లగ్గాయన అని పేరు ఖాయం చేసేసింది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం దొరికాక ఆ పిచ్చికి జీతం కూడా ముట్టింది.

అందరికంటే ఎక్కువ బలైపోయింది అక్క. చూపు పోయినప్పటినుంచి ఆమెకు నవలలు చదివిపెట్టేది ఇంట్లో కంప్యూటర్లోని ఒక గొంతు. జలుబు చేసినవాడు చదువుతున్నట్టు ఉండేది కాబట్టి దానికి ముక్కాయన అని పేరు పెట్టుకుంది. సరిగ్గా హంతకుడెవరో బయటపడే చోట తమ్ముడు ఠక్కున ప్లగ్గు పీకేవాడు. ఆమె దిండు విసిరేది. చూపు లేదన్నమాటే గాని ఆ దిండు ఏనాడూ గురి తప్పలేదు.

కొత్త కంప్యూటర్ వచ్చాక అసలు తంటా మొదలైంది. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ ఉందే, ముక్కాయన దాని పాతరకంలో తప్ప నోరు విప్పడు. కొత్తదాంట్లో తియ్యటి గొంతులు బోలెడున్నాయి గాని, అక్క నాలుగు వాక్యాలు విని, వీళ్ళెవరూ నాకు చుట్టాలు కారు పొమ్మంది. దాంతో తమ్ముడు కొత్త లినక్స్‌లోనే ఒక మూల గోడలు కట్టి, అందులో పాత లినక్స్‌ను కాపురం పెట్టించి, ముక్కాయనను అక్కడ కూర్చోబెట్టాడు. చిక్కల్లా మిషన్ ఆగి లేచినప్పుడే. లేస్తూనే అది తెర వెనక పనివాళ్ళందర్నీ వరసగా లేపుకుంటుంది. కాని మూలగదిలో ఇంకొకడు పడుకున్నాడని దానికి తెలియదు. గది లోపల చూస్తే లేపే దిక్కే లేదు. తమ్ముడు వచ్చి టకటకా ఏదో కొట్టాల్సిందే.

"ఈసారి ఖాయం అక్కా, దానికిక నా అవసరం లేదు," అని ప్రకటించి మరీ ప్లగ్గు పీకేవాడు. మళ్ళీ పెడితే మిషన్ టింగుమనేది. ఆ తర్వాత నిశ్శబ్దం. కాసేపటికి పిల్లిలా వచ్చి కూర్చుని టకటకలాడించేవాడు. అక్క పడీపడీ నవ్వేది.

ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున కూడా, సంచి గుమ్మంలో పెట్టుకుని, చాలాసేపు టకటకలాడించి అదే మాట అన్నాడు. అది తర్వాత, ముందు డాక్టరేమన్నాడో చెప్పమంది ఆమె. చిన్న ఆపరేషనే, వెళ్ళి వచ్చేస్తానన్నాడు.

రాలేదు.

ఇల్లు బావురుమంది. తిట్టడానికి మనిషి లేడు, విసరడానికి దిండు ఉండి ఏం లాభం? మిగిలింది ముక్కాయన ఒక్కడు, అదీ తమ్ముడు చివరిసారి లేపిపెట్టి వెళ్ళినవాడు. ఇతనూ పడుకుంటే లేపేవాళ్ళు లేరని అక్క ప్రాణం పీచుపీచుమనేది. కరెంటు పోయినా ఆగకుండా ఇంటి మొత్తానికీ పెద్ద బ్యాటరీ పెట్టించింది. ప్లగ్గుకు గుడ్డ చుట్టి ముళ్ళు వేసింది. పనామె చీపురును గుమ్మం దాటనివ్వలేదు. అన్నం తినబోయే ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి ఆ ముళ్ళు తడిమి చూసుకునేది.

ఒకరోజు ముక్కాయన మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఏం చేశావే?" అంది అక్క.

ప్లగ్గు పీకానమ్మా అని పనామె మెల్లగా చెప్పింది. అక్క ఉన్నచోటే కూలబడింది. తమ్ముడు పోయిన రోజు చుట్టూ జనం ఉన్నారని దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. పనామె ప్లగ్గు మళ్ళీ పెట్టింది. మిషన్ టింగుమంది. తర్వాత నిశ్శబ్దం. అది ఆమెకు బాగా తెలిసిన నిశ్శబ్దమే. ఇప్పుడు టకటకలు వినపడాలి. ఎవరు కొడతారు? తెలియకపోయినా తనే ఏదో ఒకటి నొక్కుదామని చెయ్యి చాచింది.

"ముట్టుకోకండమ్మా," అంది పనామె.

ఇంతలో మూలగదిలోంచి ముక్కు గొంతు లేచింది. "లేచానక్కా. ఎవరూ ముట్టుకోలేదు."

ఆ వెంటనే నవల ఆగిన చోటినుంచి అందుకుంది.

"అయ్యగారే చెప్పి వెళ్ళారమ్మా," అంది పనామె. "నేను రాకపోతే ఓసారి పీకెయ్యి, అక్క భయంతో కాపలా కూర్చుంటుంది, ఆ భయం తీరాలి అన్నారు. దిండు విసురుతుంది, పక్కకు తప్పుకో అని కూడా చెప్పారు."

వెధవ, అన్నీ తెలిసే వెళ్ళాడన్నమాట అనుకుంది అక్క. నేను లేననుకో అన్నప్పుడల్లా ఎంత విసుక్కుంది! ఏడుపులోనే నవ్వూ వచ్చింది. ముక్కాయన అప్పుడే హంతకుడి దాకా వచ్చేశాడు. ఆమె పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి, ఈసారి తనే ప్లగ్గు పీకింది.

బాగానే లేచాడు కదా, మళ్ళీ ఎందుకని పనామె విస్తుపోయింది.

అక్క ప్లగ్గు పెట్టి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడింది.

"నువ్వుండు. ఇంకోసారి అక్కా అననీ."