పన్నెండిళ్లకూ ఒకే చారు

తొగాషి చినామి మా పేటకు వచ్చిన మొదటి రోజు బూట్లు విప్పకముందే నన్ను తిట్టింది. గుమ్మం పక్కనున్న ముల్లంగి ఊరగాయ తొట్టి మూత ఎత్తి, వాసన చూసి, "ఇది తినడానికా, శవాన్ని నిలవ పెట్టడానికా మామ్మా?" అంది. నాకు డెబ్బై ఒకటి. ఈ పేటకు పెద్దదాన్ని నేను. నా ఊరగాయను అంత మాట అన్నది అంతకుముందు మా అత్తగారొక్కరే, ఆవిడ పోయి పాతికేళ్లయింది. పిల్ల నాకు అప్పుడే నచ్చింది. నచ్చిందని చెబితే నెత్తికెక్కుతుందని చెప్పలేదు.

మా జిల్లా యూనివర్సిటీలో నర్సు చదువంటే సూదులు గుచ్చడం ఒక్కటే కాదు. మూడో ఏడాదిలో ఒక్కో విద్యార్థికి ఒక్కో పేట అప్పగిస్తారు. మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగి, అక్కడి వాళ్ల చెడ్డ అలవాటు ఒకటి పట్టుకుని, దాన్ని తగ్గించి చూపించాలి. మా పన్నెండిళ్లు చినామి వాటాకు వచ్చాయి. చెడ్డ అలవాటు కోసం ఆ పిల్ల వెతుక్కోనక్కర్లేకపోయింది. మేము చేతికందిన ప్రతిదాన్నీ ఉప్పులో ముంచే మనుషులం.

చినామి తల్లి రేవులో చేపలమ్ముతుంది. ఆ గొంతే కూతురికీ వచ్చింది. అంతకుముందు ఆసుపత్రి శిక్షణలో, పది రోజులుగా స్నానానికి రానని మొండికేసిన ఒక రిటైరైన హెడ్‌మాస్టరుతో, "మీ జబ్బుతో మీరు పోరు గానీ, మీ కంపుతో పక్క మంచం ఆయన పోతాడు" అందట. ఆయన ఆ రోజే స్నానం చేశాడు. చేసి, ఫిర్యాదు రాశాడు. దాంతో ఇషిగోఓకా ప్రొఫెసరు ఆ పిల్లను పిలిచి, పేట పనిలో కూడా ఫలితం చూపించకపోతే ఆ ఏడాదంతా మళ్లీ చదవాల్సిందేనని తేల్చేశాడు. రెండోసారి ఫీజు కట్టే స్తోమత అమ్మకు లేదని, చదువు మానేసి తనూ చేపలు కోసుకోవాల్సిందేనని చినామి మాకు మొదటి రోజే చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు నోటినిండా నా ఊరగాయే ఉంది.

ఇల్లిల్లూ తిరిగి, మేము రోజూ సోయా ముద్ద కలిపి కాచుకునే మిసో చారులో ఉప్పు కొలిచింది. జ్వరం చూసే గొట్టంలాంటిదొకటి గిన్నెలో ముంచితే నూటికి ఎంత ఉప్పుందో అంకె వస్తుంది. సున్నా పాయింట్ ఎనిమిది దాటకూడదట. మా ఇంట్లో ఒకటిన్నర వచ్చింది. పక్కింటి కినుయె ఇంట్లో ఒకటీ పాయింట్ ఆరు.

"సముద్రంలో ఇంకాస్త ఎక్కువుంటుంది, దిగులుపడకండి" అంది చినామి.

రెండు నెలలు మాకు పాఠాలు చెప్పింది. నూడుల్స్ తిని ఆ నీళ్లు తాగొద్దంది. ఊరగాయ మీద మళ్లీ ఉప్పటి సోయా సాసు పోసుకోవడం ఎక్కడి ఆచారమని అడిగింది. మేము బుద్ధిగా తలలాడించి, ఇంటికి పోయి సోయా పోసుకున్నాం. డెబ్బై ఏళ్ల నాలుక రెండు నెలల్లో మాట వింటుందా?

నవంబరు చివర రెండోసారి కొలతకు ఇంటికో సీసా చారు ఇవ్వాలనగా కినుయె నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, మన చారు అట్లాగే ఉంది. పిల్ల ఫెయిలైపోతుంది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"నేను ముప్ఫై ఏళ్లు బడిలో వంట చేశాను. ఎంత ఉప్పు కావాలంటే అంతకు దించగలను. నా ఒక్క దాకలోదే అందరం సీసాల్లో పోసిద్దాం."

ఇంత తెలివి ఆమెకు ఇన్నేళ్లూ ఎక్కడుందో. నేనే ఇంటింటికీ తిరిగి చారు పంచాను. మర్నాడు పన్నెండు సీసాలు చినామి చేతిలో పెట్టాం. పన్నెండింట్లోనూ సున్నా పాయింట్ ఏడే వచ్చింది. పన్నెండింట్లోనూ అవే బంక పుట్టగొడుగులు, ఒకే కొలతకు కోసిన టోఫు ముక్కలు. చినామి ఒక్కో సీసా ఎత్తి వెలుతురులో చూసింది. డాక్టరుకు చూపించడానికి రోజూ ఇంట్లో కొలిచి రాసుకునే మా రక్తపోటు పుస్తకాలు కూడా ఒకసారి కావాలని అడిగి పట్టుకుపోయింది. నమ్మిందనుకుని మేము సంబరంగా టీ తాగాం.

శనివారం పొద్దున పేట సమావేశపు గదిలో ఫలితాలు చెప్పాలి. ప్రొఫెసరు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన కాగితంలాంటి మనిషి. మేమంతా మంచి బట్టలు కట్టుకుని వెనక కూర్చున్నాం.

చినామి లేచి అంకెలు చదివింది. ప్రొఫెసరు మొహం విప్పారింది. అప్పుడు కాగితం కింద పెట్టింది.

"ఈ అంకెలు అబద్ధం సార్. పన్నెండిళ్లదీ ఒకే దాక. నా కోసం చేశారు. చారు మాత్రం చాలా బాగుంది, కొలవగా మిగిలింది నేనే తాగేశాను."

కినుయె నా మోచేయి గిల్లింది. నేను ఆమెది గిల్లాను.

"చారు విషయంలోనే ఇంత తేలిగ్గా బొంకేవాళ్లు రక్తపోటు పుస్తకాల్లో ఏం రాసి ఉంటారా అని చూశాను" అని ఒక పుస్తకం పైకెత్తింది. "మూడేళ్లుగా ఫుమి మామ్మకు రోజూ నూట ఇరవై ఎనిమిదే. వచ్చే మంగళవారం కూడా నూట ఇరవై ఎనిమిదేనట, ముందే రాసి పెట్టుకుంది."

గదంతా నవ్వారు. మా ఆయనైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. ఫుమి మామ్మంటే నేనే. నెలకోరోజు తీరిగ్గా కూర్చుని నెలంతటికీ రాసేసేదాన్ని, ఏం తప్పు? ఎక్కువ ఉందని తెలిస్తే డాక్టరు కొండెక్కొద్దంటాడు. వసంతంలో కొండెక్కి ఆకుకూరలు తెంపుకోని బతుకు నాకెందుకు?

ప్రొఫెసరు నవ్వలేదు. "అంటే తొగాషీ, చూపించడానికి నీ దగ్గర ఫలితమేమీ లేదు" అన్నాడు.

"లేదు సార్."

"మరి నేను మార్కులు దేనికి వేయాలి?"

"వేయకండి సార్. ఈ పుస్తకాలు నమ్మొద్దని మాత్రం డాక్టరుగారికి చెప్పండి. వీళ్లలో ఎవరో ఒకరు పడిపోతారు."

ఆ గొంతు సన్నబడటం మేము వినడం అదే మొదలు. ప్రొఫెసరు ఆమె నివేదిక మూసేశాడు. పిల్ల మమ్మల్ని తిట్టలేదు, ఏడవలేదు, సీసాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. మా అబద్ధాన్ని గుట్టుగా ఉంచుకుంటే నర్సయ్యేది. మా ప్రాణాల కోసం ఆ చదువును వదిలేసుకుంది. నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది, ఆ మంటంతా ప్రొఫెసరు మీదికి మళ్లింది. ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగాలి గానీ, ఆ పిల్లేం తిన్నది?

లేచి ముందుకెళ్లి, స్వెటరు చేయి పైకి లాగి బల్ల మీద పెట్టాను.

"కొలిచి చూడు" అన్నాను.

చినామి రక్తపోటు పట్టీ చుట్టింది. నూట తొంభై ఆరు. నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలమ్మా" అన్నాడు ప్రొఫెసరు.

"వెళ్తాను. ముందు అది రాసుకోండి."

వెనక్కి తిరిగి చూస్తే కినుయె కూడా చొక్కా చేయి పైకి మడిచి నిలబడి ఉంది. ఆమె వెనక మిగతా ఇళ్లవాళ్లు, గుడికెళ్లినట్టు వరసగా. కినుయెకు నూట డెబ్బై రెండు. ఇంకొకాయనకు నూట ఎనభై, చలిగా ఉంది గనకేనని వాదన. అందరిలోకీ సరిగ్గా ఉన్నది మా ఆయనొక్కడికే. పొద్దున్నే సారా పట్టించే మనిషికి. దేవుడికి కళ్లు లేవనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ప్రొఫెసరు మూసిన నివేదిక తెరిచి, అంకెలన్నీ తన చేత్తోనే రాసుకున్నాడు. రాసి నావైపు చూశాడు.

"ఇన్నేళ్లూ డాక్టరుకు కూడా చెప్పని నిజం ఇవాళ ఎందుకు చెప్పారు?"

"పిల్ల ఫెయిలవుతుందని అప్పుడు అబద్ధం చెప్పాం. పిల్ల ఫెయిలవుతుందని ఇప్పుడు నిజం చెప్పాం. మాకు రెండూ ఒకటే. మీకేది కావాలో దానికి మార్కులు వేసుకోండి."

"దొంగ లెక్కలు రాసే అలవాటు పోయింది, అదీ ఫలితమే" అన్నాడాయన. తర్వాత కలం తీసి చినామి పేరు పక్కన 'ఉత్తీర్ణురాలు' అని రాశాడు. కినుయె పైకే చదివింది.

చినామి అప్పుడు ఏడ్చింది. ముక్కు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూనే నా చేయి మళ్లీ పట్టుకుంది.

"కదలొద్దు మామ్మా, రెండోసారి కూడా చూడాలి. నోరు కూడా కదపొద్దు."

డెబ్బై ఒక్క ఏళ్లలో ఎవరు చెప్పినా మూయని నోరు అప్పుడు మూశాను.