జీపులోంచి నేల తాకిన కాలు

నాకు పెళ్లయిన కొత్తలో, 2003 ప్రాంతంలో, పాత జీపు బేరానికి మావారు నన్నూ సముద్రం ఒడ్డునున్న బారువ తీసుకెళ్లారు. ఇంజను, టైర్లు, పొగ అన్నీ చూసి బాగుందన్నారు. నేను ఎక్కి కూర్చోగానే ఎండుచేపల కంపు గుప్పుమంది. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టిన ఆయన ముక్కుకి అది వాసనే కాదు. నేనేమో జలంత్రకోట జీడితోటల్లో పెరిగినదాన్ని, నాకు ఇట్టే తెలిసిపోయింది.

"ఇందులో ఉప్పుసేపలు మోసినారు. ఆ నీరు కారి అడుగురేకు తినేసుంటాది, సూడండి," అన్నాను.

"పెళ్లిళ్లకి తిప్పిన బండిది! ఆడదానివి, నీకేటి తెల్సు?" అని అమ్మేవాడు కసిరాడు.

"నువ్వు నోర్ముయ్యి," అని మావారూ నా మీదే అరిచారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్ల కింది పట్టా మీద మడమతో ఒక్క తన్ను తన్నాను. రేకు చిరిగి, కాలు మోకాలిదాకా దిగిపోయి, పాదానికి ఇసుక తగిలింది. మగాళ్లిద్దరూ చెరోపక్కా పట్టి నా కాలు పైకి లాగారు.

రేకు గీరిన మచ్చ ఇప్పటికీ ఉంది. మావారు మాత్రం ఆ బండి ఇంజను బాగుందనే అంటారు.