గడప దాటించాలని చూసిన అయ్యవారు

మా తత్వాల అయ్యవారు పోయాడని, ఆదోనిలో పత్తి బేళ్లు లారీకెక్కిస్తుండగా ఫోనొచ్చింది. ఎమ్మిగనూరులో బస్సు దిగి, ఆటోలో ఊరు చేరేవరకూ నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నా మీదే.

బడి మధ్యలో మానేసిన నాకు అక్షరాలు పట్టుబడింది ఆయన తత్వాల పుస్తకంలోనే. తప్పు చదివితే తిట్టేవాడు కాదు. "ఇంగోసారి సదువు నాయనా, నాకు సరిగ్గా ఇనపడలే" అనేవాడు. ఆయన చెవులు బాగానే పనిచేసేవి.

మైకు ముందు ఐకమత్యం గురించి ఊదరగొట్టే స్వాములంటే నాకు ఒళ్లు మంట. ఈయన మైకు ముట్టలేదు. మామూలు రోజుల్లో భజన మఠంలోనే. ఓట్ల నెలొస్తే మాత్రం దాన్ని ఇంటింటికీ తిప్పేవాడు. ఇవాళ ఒక పార్టీవాళ్ల ఇంట్లో, రేపు ఎదుటి పార్టీవాళ్ల ఇంట్లో. ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు భజన కోసం తొక్కాల్సి వచ్చేది. ఒకసారి ఒక నాయకుడు శాలువాతో వచ్చి, "సామీ, నువ్వొక్క మాట సెప్తే ఊరి ఓట్లన్నీ మాకే పడ్తాయి" అన్నాడు. అయ్యవారు శాలువా మడిచి అతని చేతిలోనే పెట్టాడు. "పడేటివి పడ్తాయిలేప్పా. పడినంక ఈళ్లు ఒకరి మొగం ఒకరు సూసుకోవల్ల గదా."

మొన్నటి ఎన్నికల్లో పార్టీ జెండా దగ్గర గొడవై, ఎదుటి పార్టీలో ఉన్న మా అన్న, పెదనాన్న కొడుకు, నా చొక్కా పట్టుకున్నాడు. నేను చెంప పగలగొట్టాను. ఆ వారమే భజన వాళ్లింట్లో. నేను వీధిలో నిలబడి అరిచాను: "సామికి ఓట్లతో ఏం పని?"

అయ్యవారు భజన తాళాలతో బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఓట్లతో పని లేదురా. ఓట్లయినంక మిగిలే మీతోనే పని."

"వాన్ని పిలవమను, వస్తా."

లోపల్నుంచి మా అన్న గొంతు: "బొట్టు పెట్టి పిలిసేకి వాడేమన్నా కొత్తల్లుడా సామీ?"

అయ్యవారు పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు, గడప దాటలేదు. ఆయన భజనంతా ఆ అరుగు మీదే పాడాడు, కాసేపు లోపలికి చూస్తూ, కాసేపు నా వైపు తిరిగి.

ఆ తర్వాత ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న: "అన్నతో మాట్లాడినావా?" లేదనేవాణ్ణి. "సరేలే, నాకేం తొందర" అనేవాడు. తొందర ఉండింది. ఒంట్లో బాగాలేదని మాకెవరికీ చెప్పలేదు.

మా దగ్గర అయ్యవార్లను కూర్చోబెట్టి పూడుస్తారు. మట్టి భుజాల దాకా వచ్చేవరకూ ఒరిగిపోకుండా ఇద్దరు శిష్యులు గుంతలో దిగి పట్టుకోవాలి. ఒక పక్క నేను దిగాను. రెండో పక్క దిగిందెవరో తలెత్తి చూడనక్కర్లేకపోయింది. విభూతి పడింది. మట్టి పడుతోంది. అయ్యవారి తల మెల్లగా నా వైపు వాలింది.

"తల ఒరుగుతాంది, పట్టుకోరా" అన్నాడు మా అన్న.

"పట్టుకున్నాలే అన్నా."

మోకాళ్ల దాకా మట్టిలో, అయ్యవారి ఆ చెంపన వాడి అరచెయ్యి, ఈ చెంపన నాది. పైకి రమ్మని పిలుస్తున్నా చాలాసేపు అట్లాగే నిలబడ్డాం.