శుభలేఖలో కీర్తిశేషులు

అమలాపురంలో జగ్గారావు గారి ప్రెస్సుకి కంప్యూటరు వచ్చినప్పుడు, సీసపు అక్షరాలు పేర్చే పనివాళ్లలో మాణిక్యం ఒక్కతే ధైర్యంగా దాని ముందు కూర్చుంది. చదివింది తొమ్మిదో తరగతి. అయితేనేం, రెండు వేల సంవత్సరం దాటేసరికి ఆ చుట్టుపక్కల సగం పెళ్లిళ్ల శుభలేఖలు ఆమె చేతి మీదుగానే వెళ్లేవి.

శుభలేఖల్లో మాటలు ఎప్పుడూ అవే, మారేవి పేర్లే. అందుకని ఆ వాక్యాలన్నీ ముందే కొట్టి కంప్యూటర్లో దాచుకుంది. రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి పైవరసలో ఓ మీట నొక్కితే వాక్యం మొత్తం వచ్చి కూర్చునేది. సుఖంగానే ఉంది కానీ, ఆ సాఫ్టువేరు చేసిన మహానుభావుడికి తెలుగువాళ్లు కూడా ఉన్నారని ఎవరూ చెప్పినట్టు లేదు. దాచినవాటి జాబితా తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఏ పొట్టి పేరు వెనక ఏ వాక్యం ఉందో రప్పించి చూస్తే తప్ప తెలియదు. అన్నీ మాణిక్యమే బుర్రలో పెట్టుకోవాలి. పెళ్లికూతురి తాతగారు బతికుంటే టీ-టీ, కాలం చేస్తే టీ-టీ-కే. ఒక మాఘమాసం ముహూర్తాల రద్దీలో ఆ బుర్ర కాస్తా తడబడింది.

ముక్తేశ్వరం కొబ్బరి రైతు సూరిబాబు తన కూతురు యామిని పెళ్లికి కార్డులు వేయించుకున్నాడు. అచ్చుకి ముందు సరిచూసుకోమని ప్రూఫు చేతికిస్తే, అందరిలాగే ముహూర్తం, ఇంటిపేరు, కల్యాణమండపం చూసుకుని సంతకం పెట్టేశాడు. కార్డులు ఇంటికి వెళ్లాయి. నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది ఇంటిపెద్ద త్రిమూర్తులు గారి చేతిలో పెట్టారు. సూరిబాబుకి కన్నతండ్రి కదా మరి. ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివి, తన పేరు దగ్గర ఆగిపోయారు. పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది.

మర్నాడు సూరిబాబు ప్రెస్సు మీదికి వచ్చి పడ్డాడు. బతికున్న మనిషిని చంపేశారన్నాడు. ఇది కొట్టినావిడని పనిలోంచి తీసేస్తే తప్ప ఈ గుమ్మం తొక్కనన్నాడు. జగ్గారావు ముందు తప్పు కంప్యూటరు మీదికి నెట్టి, అది చెల్లకపోయేసరికి ప్రూఫు మీద సంతకం గుర్తు చేశాడు. మాణిక్యానికి ఆ వాదనలేవీ పట్టలేదు. నొక్కిన వేలు తనది. పెద్దాయన మనసు ఎంత నొచ్చుకుందోనని సూరిబాబుతో పాటే ముక్తేశ్వరం వెళ్లింది.

త్రిమూర్తులు గారు అరుగు మీద ఉన్నారు. చేతులు జోడించి, ఒకటి రప్పించబోయి ఇంకోటి రప్పించానని చెప్పుకుంది. ఆయన కోప్పడలేదు.

"నిన్ను అనేదేముందమ్మా, నేనెవరో నీకు తెలీదు కదా," అన్నారు. గొంతు తగ్గించి అడిగారు. "ఒక్క మాట చెప్పు. అచ్చేసే ముందు మావాడికి చూపించేరా? వాడు చదివేడా?"

గుమ్మంలో సూరిబాబు కొయ్యబారిపోయాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో మాణిక్యానికి అప్పుడు తెలిసింది. ఉన్నదున్నట్టు చెబితే తన ఉద్యోగం నిలుస్తుంది.

"లేదండి. ఎవరికీ చూపించకుండా తొందరపడి నేనే అచ్చుకి పంపేసేనండి."

"ఆయ్, అదా సంగతి," అన్నారు త్రిమూర్తులు గారు. ఆయన ముఖం తేటపడింది. "వాడు చదివి కూడా ఊరుకున్నాడనే రాత్రంతా అనుకున్నానమ్మా."

సూరిబాబు తల ఎత్తలేకపోయాడు. లోపలికి వెళ్లి, ఇంట్లో ఆడవాళ్లున్నా తనే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి మాణిక్యం చేతికిచ్చాడు.