శొంఠి ఇవ్వనన్న పెద్దబాపు

ఎదురు గది పెద్దబాపు పోయారని ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతున్నాను. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదట. జనం నన్ను రాసుకుంటూ దిగిపోతున్నారు. నేను పక్కన రాడ్డు పట్టుకుని నిలబడిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. నాచారంలో ఒకే వరండాకు అటూ ఇటూ మా గదులు. ఫ్యాక్టరీలో రిటైరై ఒక్కడే ఉంటున్న మనిషి ఆయన. బట్టల షాపులో పనికని ఊరి నుంచి వచ్చిన దాన్ని నేను. మొదటి చలికాలం జలుబుతో దగ్గుతుంటే శొంఠి కషాయం కాచుకుని వచ్చి తలుపు తట్టారు.

"కడుపుల మంట గిట్ల ఉన్నదా బిడ్డా? రక్తం పల్చబడే గోలీలు ఏమన్న ఏసుకుంటున్నవా?"

లేదన్నాకే గ్లాసు చేతికిచ్చారు. అందరినీ అలాగే అడిగేవారు. తాను మాత్రం వేడినీళ్ళే తాగేవారు. గుండెకు స్టెంట్ వేశాక డాక్టర్లు ఆ గోలీలు ఆయనకే రాశారు, శొంఠి మానమన్నారు. "తాగొద్దన్నరు గనీ వాసన సూడొద్దనలే" అని నవ్వేవారు.

పోయిన ఏడాది ఓ ఆదివారం అన్నం తిన్నాక నాకు కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. వంగిపోయి వెళ్ళి, శొంఠి నీళ్ళిమ్మని అడిగాను. ఆయన శొంఠి డబ్బా ముట్టలేదు.

"ఇయ్య. చెప్పులేసుకో, దవాఖానాకు పోదాం."

"గ్యాసే పెద్దబాపూ. జర తాగితే పోతది."

"మీ పెద్దమ్మ గూడ గట్లనే అన్నది. సొంటి దంచి ఇచ్చిన. తగ్గుతది తగ్గుతదని కూసున్నం. అది గుండెనొప్పి బిడ్డా."

భార్య గురించి ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే.

ఆటోలో తీసుకెళ్ళారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ అయ్యేదాకా ఆయన బెంచీ మీదే ఉన్నారట. మీరేమవుతారని నర్సు అడిగితే "ఎదురు గదోన్ని" అన్నారట. నాకు తెలివొచ్చాక తల నిమిరి అన్నారు: "సొంటి మంచిదే. గనీ ఏ నొప్పి ఏందో దానికేం ఎరుక?"

ఇప్పుడు ఆయన పోయాక, ఆయన వైపు వాళ్ళు నలుగురొచ్చి కార్యం జరిపించి వెళ్ళిపోయారు. గదికి తాళం పడింది. నిన్న బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే, చివరి తీగ మీద ఆయన లుంగీ కనిపించింది. ఎండకు బిరుసెక్కింది. తీసి మడిచినా ఎవరికివ్వాలో తెలియక మళ్ళీ విప్పి ఆ తీగ మీదే వేశాను. గాలి వచ్చినప్పుడల్లా అది కాస్త లేచి, మళ్ళీ మెల్లగా పిట్టగోడకు ఆనుకుంటోంది.