టీవీ బంద్ చేసింది నేనే

టేకుమట్లలో నా ఫోటో స్టూడియో బోర్డు మీద రెండు లైన్లు ఉంటాయి. పై లైను పెయింటర్ రాశాడు, పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ ఫోటోలు, వీడియోలు తీయబడునని. కింది లైను నేనే రాసుకున్నాను, కంప్యూటర్లు కూడా బాగు చేయబడునని. పైది నిజం. కిందిది ఎంతవరకు నిజమో మండలంలో చాలామందికి తెలుసు, మొహమాటానికి నా ముందు అనరంతే.

నా పేరు వెంకట్రాం. ఈ స్టూడియో మా నాయిన పెట్టింది. ఆయన కాలంలో రీలు, చీకటి గది, తీగ మీద ఆరేసిన ఫోటోలు. రీళ్ల కాలం అయిపోయాక, ఇక కంప్యూటర్ రాకపోతే కడుపు నిండదని నన్ను జనగామకు పంపి ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సులో చేర్పించాడు. ఆ ఆరు నెలల్లో నాలుగు నెలలు పెళ్లిళ్ల సీజను. అయినా సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి మంచి ఫ్రేము నేనే కట్టుకుని గోడకు తగిలించాను. చూసినవాళ్లు ఫ్రేము బాగుందంటారు.

నా పనితనం గురించి ఒక్క ముక్క చెబితే చాలు. నర్మెట్టలో మా బావమరిది నరేందర్ ఇంట్లో కంప్యూటర్‌కు బొమ్మ రావట్లేదంటే రెండు బస్సులు మారి వెళ్లాను. మానిటర్ పోయిందని తేల్చి కొత్తది కొనిపించాను. అందులోనూ బొమ్మ రాలేదు. టేబుల్ కింద రెండు సీపీయూలు ఉన్నాయి, ఒకటి పని చేసేది, ఒకటి ఎప్పుడో మూలకు పడింది. నేను వైరు పెట్టింది రెండోదానికి. అది కనిపెట్టింది కూడా నేను కాదు, నరేందర్. ఆ రోజు నుంచి నన్ను 'ఇంజనీర్ సాబ్' అని పిలుస్తున్నాడు, పదిమందిలో కూడా.

ఇంత ఘనుడినైన నేను మొన్న సొంత దుకాణంలో చేసిన పని వేరు. అది నవ్వుకుని మరిచిపోయేది కాదు. తప్పెక్కడుందో ముందే చెప్పేస్తాను, మీరు వెతుక్కునే పని లేకుండా. ఆ రోజు వెతికి వెతికి చావడానికి నేనొక్కణ్నే చాలు.

స్టూడియోలో నా టేబుల్ మీద మానిటర్ ఉంటుంది. గిరాకీలకు కనబడేలా ఎదురు గోడకు పెద్ద టీవీ ఉంటుంది. రెండూ ఒకే కంప్యూటర్‌కు కలిపి ఉంటాయి. నేను రెండు నిమిషాలు మౌస్ ముట్టుకోకపోతే కొత్త పెళ్లి ఫోటోలు వాటంతట అవే ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారని అట్లా పెట్టాను. ఆ వారం తిరుగుతున్నవి మా ఊరి యుగేందర్ పెళ్లివి, ఓ అరవై ఫోటోలు. ముందు రోజు ఆల్బం కోసం ఫోటోలు ఎంచుకుందామని వాళ్లంతా వచ్చారు. మానిటర్‌లోనూ టీవీలోనూ ఒకేసారి చూపిస్తే టీవీలో బొమ్మ సాగిపోయింది. పెళ్లికూతురి తల్లి చూసి, "మా పిల్ల గింత లావున్నదా?" అని మొహం మాడ్చుకుంది. ఆ తల్లిని చల్లబరచడానికి కంప్యూటర్‌లో మీటలు నొక్కి, బొమ్మ టీవీకి మాత్రమే పోయేలా మార్చాను. పిల్ల సన్నబడింది. నా మానిటర్ నల్లబడింది. మళ్లీ పాత పద్ధతికి మార్చాలన్న సంగతి అప్పుడే మరిచిపోయాను. మరునాడు పొద్దున కూడా మానిటర్ వైపు చూడకుండా టీవీలోనే చూస్తూ పని చేసుకున్నాను, పెద్దగా కనబడుతుంటే సుఖంగానే ఉందనుకుంటూ.

పది గంటలకు ఐలయ్య కాక వచ్చాడు. ఆయన భార్య సత్తమ్మ పోయి తొమ్మిది రోజులు. ఆయన్ని చూడగానే నా చెయ్యి దానంతట అదే రిమోట్ మీదికి పోయింది, టీవీ ఆపేశాను. ఇది మా నాయిన దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. చావు జరిగిన ఇంటివాళ్లు వస్తే ఆయన రేడియో ఆపేవాడు, నేను టీవీ ఆపుతాను. వాళ్ల కళ్ల ముందు బారాత్ డ్యాన్సులు ఏం బాగుంటాయి?

"లోపటికి రా కాకా," అన్నాను.

"అంటుల ఉన్న బిడ్డా, లోపటికి రాను. గీడనే కూసుంట," అని గడప బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా గోడ, గోడకు ఆపేసిన టీవీ.

ఆయన వచ్చిన పని ఒక్క ఫోటో. మరో రెండు రోజుల్లో పెద్దకర్మ. ఆ రోజు దండ వేయడానికి ఫోటో కావాలి, ఊరి మలుపులో కట్టే ఫ్లెక్సీకి కావాలి. సత్తమ్మకు కెమెరా అంటే పడదు. ఎక్కడ ఫోటో దిగుతున్నా కొంగు అడ్డం పెట్టుకుని తప్పుకునేది. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. యుగేందర్ పెళ్లిలో మాత్రం భోజనాల బంతిలో కూర్చుని ఉండగా నాకు దొరికిపోయింది. వడ్డించేవాడు బగారా అన్నం మళ్లీ పెట్టబోతుంటే, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు చాలు" అంటూ పెద్దగా నవ్వుతోంది. నేను తీసిన మంచి ఫోటోల్లో అదొకటి, నా ప్రమేయం పెద్దగా లేదు కాబట్టి బాగా వచ్చింది.

"యుగేందర్ చెప్పిండు, నీ తాన ఉన్నదట గదా. ఊరంత అడిగిన, ఎవల ఫోన్ల లేదు," అన్నాడు ఐలయ్య.

"ఉన్నది కాకా, రెండు నిమిషాలల్ల తీసిస్త," అని దర్జాగా మానిటర్ ముందు కూర్చున్నాను. తెర మీద 'సిగ్నల్ లేదు' అని ఉంది.

వైరు కదిలించాను. నోటితో ఊదాను. మానిటర్ నెత్తి మీద రెండు దెబ్బలు వేశాను, ఆ విద్య జనగామలో నేర్పింది కాదు. వైరు పాడైందేమోనని కొత్త వైరు తీసి పెట్టాను. సిగ్నల్ లేదు. పక్కనున్న విత్తనాల దుకాణానికి వెళ్లి వాళ్ల మానిటర్ బతిమాలి మోసుకొచ్చాను. అందులోనూ సిగ్నల్ లేదు. రెండు మానిటర్లు ఒకే మాట చెబుతున్నాయంటే తప్పు సీపీయూ డబ్బాలోనే ఉందని తేల్చాను. గోడ మీది టీవీకి పోయే వైరు ఒక్కటి పీకి ఉంటే అక్కడికక్కడే బొమ్మ మానిటర్‌లోకి వచ్చేది. రిమోట్‌తో ఆపితే ఆ టీవీ సగమే నిద్రపోతుంది, అది మేలుకునే ఉందనుకుని కంప్యూటర్ బొమ్మను అటే పంపుతూ ఉంటుంది. అన్ని వైర్లూ పీకిన నేను అదొక్కటీ ముట్టుకోలేదు. టీవీ బాగానే ఉంది కదా, దాని జోలికెందుకని.

డబ్బా విప్పాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. మా పిల్ల స్కూలు బ్యాగులోని ఆ రబ్బరు స్ట్రాబెర్రీ వాసన వేస్తోంది. ర్యామ్ కూడా అదే వాసన వేసింది, బొమ్మ మాత్రం రాలేదు. మళ్లీ పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతోంది, చిన్న లైటు మిణుకు మిణుకుమంటోంది. కంప్యూటర్ నిక్షేపంగా ఉంది, లోపల ఫోటోలు తిరుగుతున్నాయి, అందుకే ఆ లైటు. నాకు మాత్రం అది కొన ఊపిరిలా తోచింది.

నా భార్య నీరజ ఐలయ్యకు చాయ్ తెచ్చిచ్చింది. నన్ను చూసి మెల్లగా అడిగింది, "ఏందయ్యా, అన్ని ఇప్పి పెట్టినవ్?"

"నీకు తెల్వది, ఊకో," అన్నాను. నాకూ తెలియదని ఆమెకు తెలుసు.

పన్నెండున్నరకు లేచి, చేతులకంటిన దుమ్ము తుడుచుకుని, గడప దగ్గరికి వెళ్లి తీర్పు చెప్పాను.

"కాకా, హార్డ్ డిస్క్ పోయింది. అండ్ల ఉన్నయన్ని పోయినయ్. కెమెరా కార్డు గూడ తుడిచేసిన, యాద్గిరిగుట్టల ఇంకో పెళ్లికి వాడిన."

బొమ్మ రాకపోవడానికీ డిస్కుకూ సంబంధం లేదని కోర్సులో మొదటి వారమే చెప్పారట. ఆ వారం నేను ఓ పెళ్లికి పోయాను. పోనీ తెలియదని అనొచ్చు కదా. రేపు భూపాలపల్లి తీసుకుపోయి తెలిసినవాళ్లకు చూపిస్తానని అనొచ్చు కదా. బోర్డు మీద రాసుకున్న మనిషిని, తెలియదనే మాట నోట్లోంచి ఎట్లా వస్తుంది? పోయిందని చెప్పడంలో ఉన్న పెద్దరికం అందులో లేదు.

ఐలయ్య చాయ్ కప్పు నేల మీద పెట్టాడు. ఆ తర్వాత నన్నే ఓదార్చాడు.

"పోనీ తియ్ బిడ్డా. నువ్వేం జేస్తవ్. ఉన్నన్ని దినాలు ఫోటో దిగుమంటె దిగలె. ఇప్పుడు దొరుకుమంటె ఏడ దొరుకుతది." జేబులోంచి మడతపెట్టిన ఆధార్ జిరాక్సు తీసి నాకిచ్చాడు. "గిదే పెద్దగ చెయ్. గిండ్ల ఉన్నది ఆమె లెక్క లేదు గని, ఏం జేస్తం."

ఆ కాగితంలో సత్తమ్మ ముఖం సగం నల్లటి మరక. కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. నాకు సిగ్గేసింది. కంప్యూటర్ పాడైనందుకు కాదు. ఆ పెద్దమనిషి కొట్టినా తిట్టినా బాగుండేదనిపించింది. ఇంటికి పొమ్మంటే ఆయన పోలేదు, కాళ్లు తీపులు పెడుతున్నాయి, జరసేపు కూర్చుంటానన్నాడు. నేను జిరాక్సును స్కాన్ చేయడానికి కూడా కంప్యూటరే కావాలని గుర్తొచ్చి, తల పట్టుకుని కూర్చున్నాను. అట్లా గంటసేపు కూర్చున్నాం, ఆయన గడప బయట, నేను విప్పిన డబ్బా పక్కన. ఎవరం దేన్నీ ముట్టుకోలేదు.

ఒకటిన్నరకు యుగేందర్ వచ్చాడు, మిగిలిన ఫోటోలు ఎంచుకుందామని. ఐలయ్యకు దండం పెట్టి లోపలికొచ్చి, "అన్నా, టీవీ బంద్ ఉన్నదేంది?" అంటూ టేబుల్ మీది రిమోట్ తీసి నొక్కాడు.

టీవీ వెలిగింది. పెళ్లికూతురు మెహందీ చేతులు చూపిస్తోంది. నాలుగు సెకన్లకు అవి పోయి పందిరి వచ్చింది. తర్వాత బారాత్ గుర్రం. నేను లేచి నిలబడ్డాను. ముందు రోజు నేను నొక్కిన మీటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వంట గిన్నెలు వచ్చాయి, బంతి వచ్చింది, ఆ బంతిలో సత్తమ్మ వచ్చింది, గోడంత పెద్దగా, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ.

ఐలయ్య స్టూలు మీంచి లేచాడు. ఆమె పోయి తర్వాతి ఫోటో వచ్చేదాకా అట్లాగే నిలబడి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"బాగ చేసినవ్ బిడ్డా. పోయిందాన్ని తెచ్చినవ్. సల్లగుండు."

నీరజ నా ముఖంలోకి చూసింది. నిజం చెప్పాలంటే, ఓ అర నిమిషం ఆ దండం నేను తీసుకున్నాను. ఇన్నేళ్లలో నా హార్డ్‌వేర్ పనికి దక్కిన మొదటి దండం అది. తీసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు, నీరజకు తప్ప. కానీ ఆయన చేతులు ఇంకా దించలేదు. నా నోరు ఆగలేదు.

"కాకా, నేనేం చెయ్యలే. అది పోనే లేదు. బొమ్మ టీవీకి పోయేటట్టు నిన్న నేనే పెట్టిన. నువ్వొచ్చినవని టీవీ నేనే బంద్ చేసిన. తెల్వక పోయిందని చెప్పిన."

యుగేందర్‌కు నవ్వొచ్చింది కాబోలు, అటు తిరిగాడు. ఐలయ్య నవ్వలేదు, కోపం కూడా చేయలేదు. అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది ఆయనకు. నేను చూపించిన టీవీని చూశాడు, తాను కూర్చున్న స్టూలును చూశాడు.

"అయితే గింతసేపు నా ముంగటనే తిరిగిందా?"

అబద్ధం చెబితే బాగుండు అనిపించింది. "తిరిగింది కాకా. చివరి గంట."

"ఎన్నిసార్లు?"

అరవై ఫోటోలు, ఫోటోకు నాలుగు సెకన్లు. "పది పదిహేనుసార్లు వచ్చిపోయి ఉంటది," అన్నాను.

ఆయన తలూపాడు. స్టూలు మీద మళ్లీ కూర్చున్నాడు. నేను సత్తమ్మ ఫోటో తీసి ప్రింటు కొడదామని మౌస్ దగ్గరికి చెయ్యి చాచాను. మౌస్ కదిలితే తిరిగే ఫోటోలు ఆగిపోతాయి.

"ఆగు బిడ్డా," అన్నాడు ఐలయ్య, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంకోపారి రానియ్."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నీరజ గడప దగ్గర నిలబడింది, యుగేందర్ బల్ల మీద కూర్చున్నాడు. యుగేందర్ పెళ్లి మా ముందు నుంచి మెల్లగా పోతోంది, పందిరి, తలంబ్రాలు, గుర్రం, నాకు పేర్లు తెలియని చుట్టాలు. ఆమె వచ్చేదాకా ఎవరం మౌస్ ముట్టుకోలేదు.