నాలుగో టోర్నమెంటుకి నాగవేణి

నా మనవరాలు దీప్తి కువైట్ ఆడపిల్లల రగ్బీ జట్టులో ఆడుతుందంటే, అమలాపురంలో మా వీధివాళ్లు అదేం ఆట అని అడిగారు గాని నమ్మలేదు. ఫోన్లో బొమ్మలు చూసిన నాకూ సగమే నమ్మకం. 2014 జనవరిలో అది ఫోన్ చేసి, “అమ్మమ్మా, ఈసారి టోర్నమెంట్ ఇక్కడే. మేం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, నువ్వే రా” అంది. అరవై ఎనిమిదేళ్లకి నేను మొదటిసారి విమానం ఎక్కింది అందుకే.

ఫిబ్రవరి 18, మంగళవారం ఉదయం ఐదున్నరకి అమలాపురంలో ఆర్టీసీ బస్సెక్కాను. రాజమండ్రిలో రైలు అందుకుని సాయంత్రానికి సికింద్రాబాద్ చేరాను. ఆ రాత్రి మా పిన్ని కొడుకు ఇంట్లో పడుకుని మర్నాడు ఉదయం విమానాశ్రయానికి వెళ్లాను. రానూ పోనూ టికెట్ ఇరవై రెండు వేల నాలుగు వందలు. వెళ్లేవాళ్లకి ఒక మాట: ఆవకాయ సీసాని చేతిసంచిలో పెట్టకండి. తనిఖీ దగ్గర నా ముందున్నాయన సీసా తీసి పక్కన పెట్టేశారు. నాది పెద్దపెట్టెలో ఉండబట్టి బతికింది.

విమానంలో సగానికి పైగా ఆడవాళ్లే. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇళ్లలో పనికి వెళుతున్నవాళ్లు. నా పక్కనున్నావిడ సెలవు ముగించుకుని తిరిగి వెళుతోంది. నన్ను ఎగాదిగా చూసి, “ఈ వయసులో ఏమి కష్టం వచ్చెనవ్వా? ఏ ఇంట్లో పని?” అంది.

“పనికి కాదమ్మా. మా మనవరాలి ఆట చూడ్డానికి.”

“ఆట చూసేకా! ఇంత దుడ్డు పెట్టుకోనా!” అని వెనక సీటువాళ్లకి కూడా చెప్పింది. దిగేదాకా నేను ‘ఆట చూసే అవ్వ’నే.

నాలుగున్నర గంటల ప్రయాణం. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి దిగగానే గడియారం తిప్పుకోవాలి. ఫిబ్రవరిలో వెళితే స్వెట్టరు తప్పనిసరి. ఎడారి అంటే ఎండే అనుకుని శాలువా ఒక్కటే తీసుకెళ్లాను, చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

అల్లుడు ప్రసాద్, దీప్తి కారులో వచ్చారు. మా అమ్మాయి సరోజ వాళ్లు ఉండేది అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. దారిలో దీప్తిని జట్టు చరిత్ర చెప్పమన్నాను. నాకు ఏదైనా మొదటినుంచి తెలియాలి. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు లెక్కల విభాగంలో పనిచేసిన అలవాటు.

“చరిత్రేముంది అమ్మమ్మా, ఓడిపోవడమే. ఫస్ట్ ఇయర్ దుబాయ్. ఒక్క పాయింట్ రాలేదు. సెకండ్ ఇయర్ మనామా. అక్కడ మా ఫిలిప్పీన్స్ నర్సు ఒక ట్రై వేసింది, కప్పు గెలిచినట్టు ఏడ్చాం. పోయినేడు మస్కట్, ఒకటి డ్రా.”

“మొత్తం ఎన్ని ఆటలు?”

“పదకొండు.”

ఓటమి పది, సమానం ఒకటి, గెలుపు సున్న. ఆట గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. వీళ్లు ఆడేది ఏడుగురి ఆట. సగానికి ఏడు నిమిషాలు, మొత్తం పద్నాలుగు. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాటి నేలకి ఆనించాలి. అదే ట్రై, ఐదు పాయింట్లు. ఆపైన బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో రెండు. బంతి పట్టుకున్న మనిషిని అవతలివాళ్లు భుజాల కింద ఎక్కడైనా పట్టుకుని పడేయవచ్చు.

కువైట్ పేరున ఆడేవాళ్లలో కువైటీలు ఇద్దరే. మిగతావాళ్లు నర్సులు, టీచర్లు, దీప్తిలా ఇక్కడే పెరిగిన పిల్లలు. మూడేళ్లు ఆగకుండా కాపురమున్నవాళ్లెవరైనా ఆడొచ్చని నియమం. ఆ లెక్కన ఆడవలసిన మనిషి ఇంకొకతె ఉంది. రాయచోటి దగ్గరి నాగవేణి, ఇరవై నాలుగేళ్లది. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. వచ్చి ఐదేళ్లు దాటింది. శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం ఆమెకు సెలవు. రెండేళ్ల కిందట అబూ హలీఫా ఒడ్డున ఈ పిల్లలు ఇసకలో సాధన చేస్తుంటే చూస్తూ కూర్చుందట. కాసేపటికి ఉండబట్టలేక లేచి, “అట్ల పట్టుకుంటే ఎట్ల పడతాది పాపా?” అని దీప్తి చీలమండలు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజిందట. బడిలో కబడ్డీ ఆడిన పిల్ల. దీప్తి నోట్లో ఇసక, జట్టుకి కొత్త మనిషి.

అయినా నాగవేణి మనామా వెళ్లలేదు, మస్కట్ వెళ్లలేదు. పాస్‌పోర్టు ఇంటి యజమానురాలి దగ్గరుంటుంది. ఈ ఊళ్లో చాలామంది పనివాళ్ల సంగతి అంతే. సొంత ఊళ్లో టోర్నమెంటు కాబట్టి ఈసారి పాస్‌పోర్టుతో పని ఉండదనుకున్నారు.

గురువారం పొద్దున్న కోచ్ ఫోన్ చేసింది. కాపురమున్న లెక్కన ఆడేవాళ్లందరూ ఇఖామా, అంటే నివాస అనుమతి ముద్ర ఉన్న అసలు పాస్‌పోర్టు శుక్రవారం ఎనిమిదిన్నరలోపు చూపించాలట. జిరాక్సు చెల్లదు. నాగవేణి లేకపోతే ఆడగలిగేవాళ్లు సరిగ్గా ఏడుగురు. ఒకరికి కాలు మడతపడితే అంతే సంగతులు.

“నువ్వు కూడా రా అమ్మమ్మా. పెద్దావిడ వస్తే కనీసం తలుపు తీస్తుంది” అంది దీప్తి.

సాయంత్రం నాలుగింటికి టాక్సీలో వెళ్లాం. మూడు దీనార్లు. డ్రైవర్ నాలుగన్నాడు, దీప్తి రెండంది. తలుపు తీసింది నాగవేణే. బక్కపలచని పిల్ల, భుజాలు మాత్రం గట్టివి. నన్ను చూసి, “దీప్తి పాప అవ్వేనా? రాండి, మామా లోపల ఉండాది” అంది. ఇంటావిడని అందరూ ఉమ్ ఫహద్, అంటే ఫహద్ తల్లి అంటారు. నాగవేణికి మాత్రం మామా, అక్కడి మాటలో అమ్మ అని. దాదాపు నా వయసే. మోకాళ్ల నొప్పులూ నావే. ఆవిడకి హిందీ వచ్చు, సినిమాలు చూసి, పనివాళ్లతో మాట్లాడి నేర్చుకున్నది. నాదీ ముక్కల హిందీయే. సరిపోయింది.

కాజాల పెట్టె ఇచ్చాను. ఆవిడ ఒకటి కొరికితే పాకం మోచేతిదాకా కారింది. నవ్వి ఇంకోటి తీసుకుంది. నాగవేణి చిన్న చిన్న కప్పుల్లో పసుప్పచ్చటి కాఫీ పోసింది. పాలు లేవు, పంచదార లేదు, యాలకుల వాసన. మర్యాద కోసం తాగేశాను. మళ్లీ పోసింది. మళ్లీ తాగాను. నాలుగోసారి వంగి పోస్తూ, “కప్పు ఆడించవ్వా! అట్ల ఆడిస్తేనే చాలని అర్థం. లేకుంటే తెల్లారిందాకా నేను పోస్తానే ఉండాల” అని గొణిగింది. ఆడించాను. వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

దీప్తి విషయం చెప్పింది. ఆవిడ మొహం మారింది. “పాస్‌పోర్ట్ మై నహీ దేగా” అంది. తర్వాత నావైపు తిరిగి నిదానంగా కారణం చెప్పింది. ఇంతకుముందు పనిచేసిన ఒకమ్మాయి చెల్లెలి పెళ్లని అడిగితే ఇచ్చింది. ఆ పిల్ల తిరిగి రాలేదు. అప్పుడు ఈవిడ తల్లి మంచంలో ఉంది. ఎత్తేవాళ్లు లేక ఈవిడే ఎత్తీ ఎత్తీ మోకాళ్లు పోగొట్టుకుంది.

అందులో అబద్ధం ఏమీ కనపడలేదు నాకు. ద్వారం దగ్గర ట్రేతో నిలబడ్డ నాగవేణి మొహం చూస్తే, అలాగని ఊరుకోవడమూ కుదరలేదు. “ఇవ్వొద్దండి. మీరే తీసుకొచ్చి చూపించండి. మీ చేతిలోనే ఉంటుంది” అన్నాను.

ఆవిడ కాజాల పెట్టెకి మూత పెట్టింది. “ఇన్షా అల్లా” అంది, దేవుడు తలిస్తే అని.

బయటికి రాగానే దీప్తి, “ఖలాస్. ఇన్షా అల్లా అంటే రాదని అర్థం అమ్మమ్మా” అంది.

శుక్రవారం ఏడుంపావుకి అహ్మదీ వైపు ఒక క్లబ్బు మైదానానికి చేరాం. పచ్చిక మీద మంచు. నాలుగు దేశాల జట్లు, గుడారాలు, ఇడ్లీల డబ్బాతో మా సరోజ. ఎనిమిదైంది. ఎనిమిదీ పది. దీప్తి బూటు తాడు విప్పుతోంది, కడుతోంది. ఎనిమిదీ ఇరవైకి తెల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. ముందు నాగవేణి దిగింది, చేతిలో మడతకుర్చీ, ఫ్లాస్కు. వెనక ఉమ్ ఫహద్, చేతిలో నల్ల సంచి.

ఆవిడ నేరుగా పేర్లు రాసుకునే బల్ల దగ్గరికి నడిచి, సంచి తెరిచి పాస్‌పోర్టు తీసింది. ఇఖామా ముద్ర ఉన్న పేజీ విప్పి పట్టుకుంది. బల్ల దగ్గరున్నాయన చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. ఆయన తల వంచి, ఆవిడ బొటనవేలి పక్కనుంచి పేరూ తేదీలూ రాసుకున్నాడు. పాస్‌పోర్టు మళ్లీ సంచిలోకి, సంచి ఒళ్లోకి. కుర్చీ నా పక్కనే వేయించుకుంది.

తొమ్మిదీ నలభైకి మొదటి ఆట. నాగవేణి పట్టిన మనిషి పడకుండా లేదు. చిక్కల్లా ఆ తర్వాతే. కబడ్డీలో పట్టుకున్నాక కూత ఆగేదాకా వదలకూడదు. ఇక్కడ పడగానే వదిలేయాలి, ఆ మనిషి బంతి వదిలేలా. ఇసకలో ఈల వేసేవాళ్లు లేక ఈ పిల్లకి ఆ అలవాటు పోలేదు. పట్టుకుంటుంది, పడేస్తుంది, ఇక కరుచుకునే ఉంటుంది. ఈల. తప్పు. బంతి అవతలివాళ్లకి. అలా నాలుగుసార్లు. పదిహేడు సున్నాతో ఓడిపోయారు.

“ఎందుకు ఈల?” అని ఉమ్ ఫహద్ నన్నడిగింది.

“పడగొట్టాక వదలాలటండి.”

“వదిలితే లేచి పారిపోదా?”

అవతల గుడారం దగ్గర అదే మాట తెలుగులో నడుస్తోంది.

“వదిలితే పోతాది గదా పాపా!”

“పోదు వేణక్కా! అది బాల్ వదలాలి, నువ్వు లేచి తీసుకోవాలి. పట్టు, పడెయ్, వదులు. అంతే!”

“పట్టేది చెప్పు, ఎంతసేపైనా పడతా. వదిలేది చెయ్యి ఇనదు.”

రెండో ఆటలో తప్పులు రెండుకి తగ్గాయి. పన్నెండు ఐదుతో ఓడారు.

మధ్యాహ్నం నమాజు వేళకి ఉమ్ ఫహద్ లేచింది. ఆడవాళ్లకి వేరే గుడారం ఉంది. అటూ ఇటూ చూసి, నల్ల సంచి నా ఒళ్లో పెట్టి, “పకడో” అని వెళ్లిపోయింది.

దీప్తి చూసింది. పరిగెత్తుకుంటూ వచ్చి, “అమ్మమ్మా, అందులోనే ఉంది! తీసి వేణక్కకిచ్చెయ్. తనదే కదా!” అంది. దీప్తి పెంకితనంగా అన్నది కాదు. దాని కళ్లలో నీళ్లున్నాయి. పాస్‌పోర్టు నాగవేణిదే, ఆ మాట నిజం. సంచికి తాళం లేదు, ఒక్క బొత్తాం. నా చెయ్యి ఆ బొత్తాం మీదే ఉంది.

వెనక నిలబడ్డ నాగవేణి అంది, “వద్దవ్వా. తీసుకోని యాడికి పోదును? రాత్రికి ఆ ఇంటికే గదా పోయేది. ఆమె ఇయ్యాల, నేను తీసుకోవాల.” తర్వాత, “ఇడ్లీ ఇంకొకటుందా?” అని సరోజనడిగింది.

ఉమ్ ఫహద్ వచ్చాక సంచి అందించాను. ఆవిడ తెరిచి చూసుకోలేదు.

రెండుంపావుకి మూడో ఆట, మస్కట్ నుంచి వచ్చిన జట్టుతో. పోయినేడు డ్రా అయినవాళ్లే. ఫిలిప్పీన్స్ నర్సు ఒక ట్రై వేసింది, దీప్తి ఒకటి వేసింది. పది సున్న. అప్పుడు వాళ్లు ఒకటి వేసి, స్తంభాల మధ్య నుంచి కూడా తన్నారు. పది ఏడు. ఆఖరి నిమిషంలో వాళ్ల పొడవాటి పిల్ల బంతి చంకన పెట్టుకుని గీతవైపు దూసుకుపోయింది. ముందెవరూ లేరు. పక్కనుంచి నాగవేణి ఉరికి చీలమండలు పట్టింది. ఇద్దరూ పడ్డారు. మేమంతా లేచి నిలబడ్డాం. ఉమ్ ఫహద్ మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి, అరబ్బీలో ఏదో అరిచింది. తర్వాత దీప్తి చెప్పింది, ‘వదిలెయ్యవే’ అని అర్థమట.

నాగవేణి వదిలింది. ఈలాయన చూడాలని రెండు చేతులూ గాల్లోకి ఎత్తి మరీ చూపించింది. లేచి, ఆ పిల్ల వదిలిన బంతిని తీసుకుని పక్కగీత బయటికి తన్నేసింది. టైము అప్పటికే నిండింది, బంతి బయటికి పోగానే ఆట అయిపోయింది.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పద్నాలుగో ఆటకి మొదటి గెలుపు. నాలుగు జట్లలో మూడో స్థానం. కప్పు లేదు, అందరికీ ఒక ఫోటో.

సాయంత్రం కారు దగ్గరికి నడిచేటప్పుడు ఉమ్ ఫహద్ ముందు వెళ్లింది, ఒక చెయ్యి డ్రైవర్ భుజం మీద వేసి. వెనక నాగవేణి, ఒక చేతిలో కుర్చీ, ఒక చేతిలో ఫ్లాస్కు, మోచేతికి నల్ల సంచి. మైదానం చివరిదాకా అలాగే మోసుకెళ్లి, కారు సీటు మీద పెట్టి, తలుపు వేసింది. ఉమ్ ఫహద్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాతి రెండు వారాల్లో సముద్రం ఒడ్డూ, చేపల బజారూ చూశాను. అవి చూడదగ్గవే గాని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

మార్చి 7, శుక్రవారం తిరుగు విమానం. విమానం లోపలికి వెళ్లి కూర్చున్నాక దీప్తి ఫోన్. సాధన మధ్యలోంచి చేస్తోంది, వెనక సముద్రం హోరు. “అమ్మమ్మా, డిసెంబర్లో మళ్లీ దుబాయ్. కోచ్ వెళ్లి మామాని అడిగింది.”

“ఏమంది?”

“ఇన్షా అల్లా అంది.”

అంటే రాదనేగా అని నేను అడగలేదు. దీప్తే మళ్లీ అంది, “ఫ్లైట్ ఎన్ని గంటలు, కుర్చీ పట్టుకెళ్లనిస్తారా అని కూడా అడిగిందట.”

పక్క సీటులో సెలవు మీద ఊరెళుతున్న ఒక అమ్మాయి తన పాస్‌పోర్టు తెరిచి సొంత ఫోటో చూసుకుంటోంది. చూసి మూసి, మళ్లీ తెరిచింది. నాది సంచిలో పెట్టబోతున్నదాన్ని ఆగి, హైదరాబాద్ దాకా చేతిలోనే పట్టుకున్నాను.